పునరావాస కాలనీ పిల్లోల్లకు ఆటలు పెడదామనుకుంటాండా. మనసు కుదుటపడతాదంటారా?

పెన్నాఒడ్డు_పిల్లోడు (కడప జిల్లా)

మాది గండికోట ముంపు ఊళ్లల్లో ఒకటి. 2020లో రిజర్వాయరు నింపేటప్పుడు ఖాళీ చేసి కాలనీకొచ్చినాము. ఇండ్లు లేచినాయి, కరెంటు ఉండాది, సిమెంటు రోడ్లు పడినాయి. నా బాధంతా పదిహేను నుంచి ఇరవై రెండేళ్ల మధ్య పిల్లోల్ల గురించే. వచ్చినప్పుడు నిక్కర్లేసుకొని తిరిగేటోల్లు, ఇప్పుడు మీసాలొచ్చినాయి. పొద్దున పదైనా లేయరు. రాత్రి రెండు దాకా ఫోను. సాయంత్రమైతే మోరీ మీద కూచుంటారు. "ఏంరా" అని పలకరిస్తే "ఏం లేదులేన్నా" అంటారు, అంతకు మించి మాట రాదు. కొందరికి మందు అలవాటైంది. పరిహారం డబ్బుతో బైకులు కొన్న ఇండ్లల్లో కాలో చెయ్యో విరగ్గొట్టుకున్నోల్లు కూడా ఉండారు.

పాత ఊళ్లో ఎవురూ ఎవురికీ "వ్యాయామం చెయ్" అని చెప్పలేదు. చేన్లోకి పోతే పనే. ఎండకాలమొస్తే బాయిలో ఈత, నడుముకు బెండు కట్టుకొని నేర్చుకున్నోల్లమే అందరం. రామాలయం ముందర రాత్రి చెక్కభజన, బడి వెనక కబడ్డీ. ఈడ చేనూ లేదు, బాయీ లేదు. పైగా రెండు మూడు ఊళ్లోల్లను ఒకే కాలనీలో పెట్టినారు. నాలుగో లైనోల్లు, ఏడో లైనోల్లు అంటారే గానీ ఒకరి గడప ఒకరు తొక్కరు.

నేను మైలవరం పక్క సోలార్ ప్లాంటులో షిఫ్టు పని చేస్తా. సాయంత్రాలు ఖాళీ దొరుకుతాది. కాలనీ చివర కంపచెట్లు మొలిచిన జాగా ఒకటుంది. ఆడ ఆటలు మొదలుపెడితే మనసుకేమన్నా పనికొస్తాదా, ల్యాకపోతే ఉత్త టైంపాసేనా? తెలిసినోల్లు చెప్పండి.

సీమ_స్మాషర్

దీనికి అడగాల్సిన పనేముంది బ్రో. రెండు కట్టెలు పాతు, నెట్టు కట్టు, బాలు ఇయ్. నెల తిరిగేలోపల టోర్నమెంటు పెట్టు, ఊరి పేర్లతోనే టీములు. ఫస్ట్ ప్రైజు పొట్టేలు. ఎవుడు మోరీ మీద కూచుంటాడో చూద్దాం.

జగన్నాథగట్టు (కర్నూలు)

అబ్బీ, నీ నాయన వయసోన్ని, ఒక మాట చెప్తా ఇను. శ్రీశైలం డ్యాము నీళ్లకు 1981లో మా ఊరు పోయింది. కర్నూలు, మహబూబ్‌నగర్ రెండు జిల్లాల్లో కలిపి వంద దాకా ఊళ్లు ఖాళీ అయినాయి. అప్పట్లో కాలనీ అంటే కాలనీ కూడా కాదు, ఎవరికి దిక్కున్న చోటికి వాళ్లు పోయినారు. నాకు పద్నాలుగేండ్లు. రూపాల సంగమేశ్వరం గుడిని రాయి రాయీ విప్పి తెచ్చి ఈ కర్నూలు పక్కనే జగన్నాథగట్టు మీద మళ్లీ కట్టినారు. మంచి పనే, కాదనను. మేము ఆడుకునే బయలును మాత్రం ఎవరూ మోసుకురాలేదు.

నన్ను నిలబెట్టింది కర్నూలు పాతబస్తీలో ఒక తాలింఖానా, అంటే కుస్తీ, కసరత్తు నేర్పే చోటు. మా మామ తీసుకుపోయి వదిలినాడు. మట్టి తవ్వేది, నూనె పూసుకునేది, దండీలు, బైఠక్‌లు. ఉస్తాదు ఒక్కనాడు కూడా నా ఊరు సంగతి అడగలేదు. రాకపోతే మాత్రం "నిన్న యాడికి పోయినావురా" అని అడిగేటోడు. నేను రాలేదని కనుక్కునే మనిషి ఒకడు ఉన్నాడన్నదే నాకు మందు. మనసు, గినసు అనే మాటలు మాకు అప్పుడు తెలీవు.

కాబట్టి ఆట ఏదైనా పెట్టు, ఫరవాలేదు. రోజూ అదే టయానికి నువ్వు అక్కడ ఉండాలె.

సుగ్గిబాట (కోసిగి వైపు, టీచరు)

నా మాట కొంచెం చేదుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. ఇల్లు వదిలిన పిల్లలంటే ప్రాజెక్టుల కింద పోయినోళ్లే కాదు. మా దగ్గర దీపావళి దాటితే వీధులకు వీధులు తాళాలు. పత్తికి, ఆ తర్వాత మిరపకోతకు గుంటూరు పక్కకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. సీజనల్ హాస్టల్‌లో కొందరిని నిలుపుకుంటాం, మిగతా పిల్లలు అమ్మానాన్నలతోనే పోతారు. పొద్దంతా వంగి కాయలు కోసి, చేతులు మంటలెత్తి, రాత్రికి టార్పాలిన్ గుడిసెలో పడుకొని వేసవికి తిరిగొస్తారు. అట్లాంటోడికి "ఒళ్లు కదిలించురా, మనసు తేలికైతాది" అని చెప్తే వాడు నవ్విపోతాడు. వాడి ఒళ్లు కదలందెప్పుడు?

ఫోన్ పట్టుకొని కూర్చునేవాడికి పనికొచ్చే సలహా అందరికీ పనికిరాదు.

మనసుమాట (అనంతపురం)

నేను సైకాలజీ చదువుకొని పిల్లలతోనే పనిచేస్తున్నాను. టీచరు గారితోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన అన్నది నిజం. కూలికి చేసే శ్రమకూ ఇష్టపడి ఆడే ఆటకూ ఒళ్లు ఒకేలా అలుస్తుంది, మనసు మీద మాత్రం ఫలితం ఒకటి కాదు. ఖాళీ వేళల్లో తమ ఇష్టంతో కదిలేవాళ్లలో దిగులు తక్కువగా కనబడుతుంది. పనిలో పడే కష్టానికి ఆ మేలు అంతగా కనబడదు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది కోతలో మేస్త్రీ చేతిలో ఉంటుంది. ఆటలో అది పిల్లాడి చేతిలో ఉండాలి. ఊరు ఎప్పుడు ఖాళీ చేయాలో, ఎక్కడికి పోవాలో కూడా ఈ పిల్లల్ని ఎవరూ అడగలేదు కదా. అందుకని "ఈరోజు ఏం ఆడదాం" అని వాళ్లనే అడగడం చిన్న విషయం కాదు.

ఇక తమ్ముడి ప్రశ్న. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, అందులో మనసుకు కలిగే మేలునూ లెక్కలోకి తీసుకుంది. వ్యాయామంతో దిగులు ఒక మోస్తరుగా తగ్గుతుందన్నది చాలా అధ్యయనాల్లో వచ్చింది. నిద్ర కుదురుకుంటుంది, రాత్రి రెండింటి ఫోను దానంతట అదే కొంత వెనక్కి జరుగుతుంది. వ్యాయామం చేస్తే హాయినిచ్చే ఎండార్ఫిన్లు ఒంట్లో ఊరుతాయని వాట్సాప్‌లో తిరిగే కథ కన్నా నేను ఈ నిద్రనే ఎక్కువ నమ్ముతాను.

కానీ సీమ_స్మాషర్ గారూ, మీ పొట్టేలు దగ్గర నాకు భయం. ఉగాండాలో గులు అనే చోట, యుద్ధం చూసిన పిల్లలకు పదకొండు వారాల ఫుట్‌బాల్ లీగ్ పెట్టి, ఆడనివాళ్లతో పోల్చి చూశారు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. లీగ్‌లో ఆడిన మగపిల్లల్లో దిగులు, ఆందోళన తగ్గకపోగా, ఆడనివాళ్లతో పోలిస్తే పెరిగాయి. గెలుపోటముల పోటీయే కారణమై ఉండొచ్చని పరిశోధకులు అనుమానపడ్డారు. మీరేమో ముంపు ఊళ్ల పేర్లతోనే టీములు కట్టమంటున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఊళ్ల మధ్య పొట్టేలు పందెం!

సీమ_స్మాషర్

మేడం, పోటీ లేకుంటే అది ఆటెట్లయితాది? భజనయితాది.

కొండపొలం_కుర్రోడు

భజన తక్కువేం కాదప్పా. ఒక్క రాత్రి చెక్కలు పట్టుకొని ఎగిరి చూడు. మరుసనాడు పిక్కలు పట్టేస్తే స్మాష్ కొట్టేది ఉండదు, మెట్లు దిగేదే కష్టం.

సీమ_స్మాషర్

😀 సరే ఒప్పుకుంటా. మరి పోటీ ఎట్ల పెట్టాలో మీరే చెప్పండి. పూర్తిగా తీసేస్తే పెద్ద పిల్లోల్లు రారు, నేను రాసిస్తా.

మనసుమాట

పోటీ వద్దనడం లేదు. టీములు రోజూ కలిపి పంచండి. నాలుగో లైను నుంచి ముగ్గురు, ఏడో లైను నుంచి ముగ్గురు, మరుసటి రోజు ఇంకో రకంగా. ఓడినవాడి మీద అరిచే పెద్దమనిషిని గ్రౌండ్ దగ్గరికి రానివ్వకండి. కప్పులు, చందాలు, ఫ్లెక్సీలు ఆరు నెలల తర్వాత ఆలోచించండి.

చెయ్యేటి_గట్టు (రాజంపేట)

ఈ చర్చ చదివి రాయకుండా ఉండలేకపోయినా. 2021 నవంబరు 19 పొద్దున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది కదా. మా అక్కోళ్ల ఇల్లు చెయ్యేటి ఒడ్డునే ఉండేది. మనుషులు దక్కినారు, ఇల్లు, గొడ్లు పోయినాయి. అక్క కొడుక్కి అప్పుడు పన్నెండేండ్లు. ఆ తర్వాత రేకుల మీద వాన చప్పుడైతే చాలు, లేచి చెప్పులేసుకొని వాకిట్లో నిలబడేటోడు. చెప్పులు మంచం కిందనే పెట్టుకొని పండుకునేది.

బడిలో పరుగులు పెట్టిస్తే రెండు రౌండ్లకే ఊపిరాడక కూలబడినాడు. గుండె జబ్బేమోనని ఆసుపత్రికి తీసుకపోతిమి, ఈసీజీ బాగానే ఉండాదన్నారు. పిల్లోడు బద్ధకానికి నాటకాలాడతాండాడని మా ఇంట్లోనే కొందరన్నారు. వ్యాయామం సారు మాత్రం ఆ మాట అనలేదు. పరుగు మాన్పించి, తనతోపాటు గ్రౌండ్ చుట్టూ నడిపించినాడు. రెండు మూడు వారాలు నడకే. తర్వాత ఒక కరెంటు స్తంభం కాడ్నుంచి ఇంకో స్తంభం దాకా పరుగు, మళ్లీ నడక. ఇప్పుడు వాడు ఖోఖో ఆడతాడు. చెప్పులు మాత్రం ఇంకా మంచం కిందే.

మనసుమాట

చెయ్యేటి_గట్టు గారు రాసింది ప్రతి కోచ్‌కూ తెలియాలి. భయపడినప్పుడు గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగమవుతుంది, చెమట పడుతుంది. పరుగెత్తినప్పుడూ ఇవే జరుగుతాయి. పెద్ద భయం చూసిన పిల్లవాడి ఒంటికి ఈ రెంటికీ తేడా తెలియదు, మళ్లీ ఆ రాత్రే వచ్చిందనుకుంటుంది. అందుకే నెమ్మదిగా పెంచాలి. గుండె వేగం పెరిగినా ఏమీ కాలేదు, కాసేపటికి దానంతట అదే తగ్గింది అని ఒంటికి పదేపదే తెలిస్తే ఆ భయం పట్టు సడలుతుంది. ఆ సారు చేసింది సరిగ్గా ఇదే. వెనక నుంచి వచ్చి గట్టిగా విజిల్ ఊదడం, హఠాత్తుగా భుజం మీద చెయ్యేయడం కూడా మానుకోండి.

ఇంకొకటి. ఆట వైద్యానికి బదులు కాదు. తిండి మానేసినా, "నేనుండి ఏం లాభం" లాంటి మాటలు వచ్చినా, చేతులు కోసుకున్న గాట్లు కనబడినా "గ్రౌండ్‌కు రా, అదే పోతుంది" అనకండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. ఏ వేళైనా, డబ్బు లేకుండా, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లాడి పక్కన కూర్చొని మీరే నంబరు కలిపి ఇవ్వండి.

మోడరేటర్

ఇద్దరు ముగ్గురు సభ్యులు పిల్లల పేర్లు, కాలనీ పేర్లు రాశారు, తీసేశాం. ఎవరి బిడ్డ సంగతి రాసినా గుర్తుపట్టేలా రాయొద్దు.

నిజం_నిష్ఠూరం

అందరూ బాగానే చెప్తున్నారు. నాదొక మాట. భూమి పోయింది, బాయి పోయింది, పని పోయింది. పద్దెనిమిదేళ్లు నిండినోళ్లకు పునరావాస ప్యాకేజీ వస్తుందో రాదో తెలీక కొందరు ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ల దిగులుకు కారణం అది. దానికి మందు వాలీబాలా? ఉద్యోగం అడిగే నోటికి విజిల్ ఇచ్చినట్టుంది.

పెన్నాఒడ్డు_పిల్లోడు

అన్నా, నువ్వు చెప్పింది కాదనను, మా నాయన కూడా అదే అంటాడు. కానీ ఆ ఫైలు కదిలేదాకా వీళ్లు మోరీ మీదనే కూచోవాల్నా? వయసు ఆగదు కదా. పైగా కాగితాలు పట్టుకొని నాతో ఆఫీసుకు రమ్మంటే ఒక్కడు లేయడు. ముందు లేస్తే కదా అడిగేది.

దస్తావేజు (కడప)

ఈ రెంటినీ విడదీసి చూడాల్సిన పని లేదు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ, పునరావాస చట్టం మూడో షెడ్యూల్ తీసి చదవండి. పునరావాస కాలనీలో ఉండాల్సిన సదుపాయాల జాబితా అది. రోడ్లు, తాగునీరు, శ్మశానం, బడి, అంగన్‌వాడీ వరసలోనే పిల్లలకు ఆటస్థలం కూడా ఉంది, వంద కుటుంబాలకొక కమ్యూనిటీ సెంటరూ ఉంది. ఆటస్థలం ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, పరిహారంలో భాగం.

అయితే గండికోట పనులు ఈ చట్టం కన్నా చాలా ముందు మొదలైనవి. మీ ఊరి అవార్డు, అంటే భూమికి పరిహారం తేల్చిన ఉత్తర్వు, ఏ చట్టం కింద, ఏ తేదీన వచ్చిందో ముందు ఆ కాగితంలో చూసుకో. కాలనీ లేఅవుట్ నకలు తీసుకో. నువ్వు చెప్పిన కంపచెట్ల జాగా లేఅవుట్‌లో ఏమని రాసుందో తెలియకుండా గడ్డపార పట్టొద్దు. రేపు అది ఎవరిదో ప్లాటని తేలితే కొట్లాటలు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వు, రసీదు లేకుండా వెనక్కి రావద్దు. సంతకాలు పిల్లల చేతే పెట్టించు. నిజం_నిష్ఠూరం గారికీ అభ్యంతరం ఉండదనుకుంటా.

నిజం_నిష్ఠూరం

ఇట్ల చెప్తే సరే.

డిగ్రీ_రెండో_ఏడు

ఇంతమంది ఇంత రాశారు, "పిల్లోల్లు" అంటే అందరికీ మగపిల్లలే. నేనూ ముంపు కాలనీలోనే ఉంటా, వేరే మండలం. మా పరిస్థితి మోరీ మీద కూర్చునేంత కూడా కాదు, గడప దాటితే ఎవరి కూతురు, ఎక్కడికి అని అడుగుతారు. పాత ఊళ్లో నీళ్లకనో, చేనికి సద్ది తీసుకెళ్లడానికనో బయట తిరిగేవాళ్లం. అందరూ తెలిసినవాళ్లే. ఇక్కడ పక్క వీధి వాళ్లు తెలియదు కాబట్టి అమ్మ భయపడుతుంది. ఇంట్లోకే కొళాయి వచ్చింది, మంచిదే, కానీ బయటికి పోయే సాకు కూడా పోయింది.

మీ గ్రౌండ్ ఎంత బాగున్నా, గట్టు మీద మగపిల్లలు కూర్చొని చూస్తుంటే మేం రాము. మా దగ్గర నడిచింది కోలాటం. ఒక పెద్దమ్మకు పాటలు వచ్చు, గుడి ముందు నేర్పిస్తానంది. దేవుడి పని కాబట్టి ఏ ఇంట్లోనూ కాదనలేదు. కోపులు (అడుగుల వరసలు) మారేకొద్దీ వేగం పెరుగుతుంది, ఎదురుగా ఉన్న మనిషి మారుతుంది. పాత ఊరు ఏదని చూడకుండా అందరి కర్రకూ కర్ర తగలాల్సిందే. మొదటి వారం వేళ్ల మీద దెబ్బలే. మా అమ్మ నన్ను కాపలా కాయడానికి వచ్చేది, ఇప్పుడు తనే ముందు వరసలో ఉంటుంది. కొత్త ఊరికి వచ్చాక అమ్మకు ఒక్క స్నేహితురాలు కూడా లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఒక చిన్న విషయం. మొదట్లో సగం మందిమి కాసేపటికే కళ్లు తిరిగి కూర్చునేవాళ్లం. ఏఎన్ఎం చూసి రక్తం తక్కువగా ఉందని చెప్పింది. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు చాలామంది పారేస్తారు. మేమూ పారేశాం. ఆటలు పెట్టేవాళ్లు ముందు ఈ సంగతి చూడండి.

జగన్నాథగట్టు

బంగారు తల్లీ, అందరికన్నా నువ్వే బాగా చెప్పినావు.

అనంత_హాకీ

అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ చూడండి. హాకీ, ఫుట్‌బాల్, క్రికెట్ అన్నీ ఉన్నాయి. రఫేల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు 2010 నుంచి అక్కడే నడుస్తోంది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు టెన్నిస్ ఆడుతుంటే చూసి తీరాలి. 2016 రియో ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు మొదటిసారి దిగింది, పదిమందితో. 2024 పారిస్‌లో అదే జట్టు నుంచి సిండీ ఎన్‌గాంబా బాక్సింగ్‌లో కాంస్యం తెచ్చింది, ఆ జట్టుకు అదే తొలి పతకం. మన ముంపు కాలనీల్లోనూ అలాంటి పిల్లలు ఉంటారు, ఎవరికి తెలుసు!

సుగ్గిబాట

ఉంటే సంతోషమే. కానీ పతకం వచ్చేవాడి కోసం వెతికితే మిగతావాళ్లు మళ్లీ గట్టు మీదికే పోతారు. మా బడిలో ఒకడున్నాడు, సుగ్గి నుంచి వచ్చినాక ఎంత పిలిచినా ఆటకు రాడు. నేను బలవంతపెట్టలేదు. ఒకరోజు వాడంతట వాడే బొగ్గుముక్క తీసుకొని గోడ మీద స్కోరు వేయడం మొదలుపెట్టాడు. తప్పు చెప్తే ఎవరినీ వదలడు, నన్ను కూడా. ఎండాకాలమంతా స్కోరే. తర్వాత ఎప్పుడో సర్వీసు వేయడానికి లేచాడు. మొదట్లో నేను రాసింది వెనక్కి తీసుకోవడం లేదు, కోతల నుంచి వచ్చిన పిల్లలను ముందు పడుకోనివ్వండి, కడుపునిండా తిననివ్వండి. ఆట తర్వాత.

పెన్నాఒడ్డు_పిల్లోడు

అందరికీ దండాలు. ఇంకో సంగతి అడగాల. ఎండకాలం నీళ్లు తగ్గితే మా పాత ఊరి గోడలు తేలతాయి. పిల్లోల్లు బైకులేసుకొని ఆడికి పోతారు, కొందరు ఈతకు దిగుతారు. పోవద్దంటే ఇనరు. ఏం చేయాల?

జగన్నాథగట్టు

ఈతకు మాత్రం దిగనీయొద్దు, కాళ్లు పట్టుకొనైనా ఆపు. అది మీరు ఈదిన బాయి కాదు. అడుగున పాత గోడలుంటాయి, కంప ఉంటది, పూడని బావులుంటాయి, బురదలో కాలు దిగబడితే రాదు. మా కాలంలో అట్ల పోయినోళ్లను నేను ఎరుగుదును.

మనసుమాట

చూడటానికి పోవడాన్ని మాత్రం ఆపకండి. రాత్రిపూట మందు తాగి ఒక్కొక్కరుగా పోయే బదులు, పొద్దున్నే అందరూ కలిసి నడిచిపోండి. పెద్దవాళ్లను ఒకరిద్దరిని వెంటపెట్టుకోండి, ఏ గోడ ఎవరిదో చెప్తారు. ఏడిస్తే ఏడవనివ్వండి. నడక నడకే అవుతుంది, దాచుకున్న మాటలు కూడా బయటికొస్తాయి. పక్కపక్కన నడిచేటప్పుడు మగపిల్లలు మాట్లాడినంత ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడరు.

పెన్నాఒడ్డు_పిల్లోడు

సరే అక్కా. లేఅవుట్ నకలుకు రేపే పోతా. జాగా తేలేదాకా బడి గ్రౌండ్ సాయంత్రం ఐదున్నర నుంచి ఇయ్యమని హెడ్మాస్టరు సారును అడుగుతా. గుడి కాడ కోలాటానికి మా చిన్నమ్మ ఒప్పుకునింది, మగపిల్లోల్లను ఆ పక్కకు రానీయను. కంప కొట్టే పని వచ్చినప్పుడు రెండు లైన్లోల్లనూ పిలుస్తా. ఎండ దిగినాకనే పెట్టుకుంటాము.

కొండపొలం_కుర్రోడు

కంప పైపైన నరికితే వానకు మళ్లా లేస్తాది. వేర్లతో సహా తవ్వల్ల. ముండ్లు పచ్చివి గుచ్చుకుంటే చీము పడతాది, చెప్పులు కాదు బూట్లేసుకోమను.

సీమ_స్మాషర్

నా కాడ పాత నెట్టు ఒకటుంది బ్రో, కింద అంచు చినిగింది గానీ నైలాన్ దారంతో కుట్టుకోవచ్చు. శనివారం ముద్దనూరు వస్తాండా. బస్టాండు కాడ ఎవురినన్నా పంపు. పొట్టేలు సంగతి ఆరు నెలల తర్వాత మాట్లాడుకుందాం.

పెన్నాఒడ్డు_పిల్లోడు

ఏడో లైను పిల్లోన్ని పంపిస్తా, నాలుగో లైనోని బైకు మీద.